రొయ్యల గుంట కాపలాలో గెన్షిన్ ఈవెంటు: నా అనుభవం

రోజుకు అరగంట, ముప్పావుగంట మించి ఆడలేని వాళ్లకు ఫోన్లో ఆడే గెన్షిన్ ఇంపాక్ట్ ఆటలో కొన్ని రోజులే ఉండే ఈవెంట్లు సరిపడతాయా అంటే, సరిపడతాయనే నేనంటాను. కాకపోతే ఏ ఈవెంటు ఆడాలి, అందులో ఎక్కడిదాకా వెళ్లి ఆపాలి అన్నది ముందే తేల్చుకోవాలి. తేల్చుకోకుండా దిగితే ఆట కాస్తా రెండో ఉద్యోగమై కూర్చుంటుంది. నాకు ఉన్న ఉద్యోగమే ఎక్కువ.

మాది నెల్లూరు జిల్లా విడవలూరు వైపు. చిన్నాయనతో కలిసి వనామీ రొయ్యలు వేస్తున్నాం. పగలు మేత, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలు, నీళ్ల పరీక్షలు. రాత్రి కాపలా నాది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతే, పరిగెత్తి జనరేటర్ వేసే మనిషి ఉండాలి. అందుకని నాకు ఖాళీ లేక కాదు, ఖాళీ బోలెడు. ఏ నిమిషంలో లేవాల్సొస్తుందో మాత్రం చెప్పలేను. నలుగురితో టీమ్ కట్టి ఆడే ఆటలు ఇందుకే మానేశాను. మధ్యలో ఫోన్ పడేసి పోతే అవతలి వాళ్లు తిట్టే తిట్లు వినలేం. గెన్షిన్‌లో ఒంటరిగా ఆడుకునేటప్పుడు మెనూ తెరిస్తే ఆట అక్కడికక్కడ ఆగిపోతుంది. నాకు కావలసింది అదే.

ఈ ఆట అలవాటు చేసింది చిన్నాయన కొడుకు. నెల్లూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆటలో కష్టమైన పోరాటాలుండే స్పైరల్ అబిస్‌లో 36కి 36 నక్షత్రాలూ తెచ్చుకునే రకం. ‘లాంటర్న్ రైట్ వస్తుందన్నా, ఏడాదికొక్కసారే, వదలొద్దు’ అని ఫోన్ చేశాడు. చైనా వాళ్ల కొత్త సంవత్సరం సమయంలో ఆటలోని లియుయే ప్రాంతంలో జరిగే లాంతర్ల పండుగ అది. ఆటలో మొదటిసారి 2021 ఫిబ్రవరిలో వచ్చింది. తగినన్ని పాయింట్లు తెచ్చుకుంటే లియుయే పాత్రల్లో నాలుగు నక్షత్రాల స్థాయివి కొన్ని చూపించి, ఒకటి ఉచితంగా ఎంచుకోమంటారు. డబ్బు పెట్టని నాలాంటి వాళ్లకు అది చిన్న విషయం కాదు.

అసలు తిప్పలు ఆట మొదలవకముందే. కొత్త వెర్షన్ ఆరు వారాలకొకసారి, బుధవారం వస్తుంది. మన టైములో తెల్లవారుజామున మూడున్నరకు సర్వర్లు మూసి, ఎనిమిదున్నర ప్రాంతంలో తెరుస్తారు. గుంటల దగ్గర సిగ్నల్ ఒక గీత, లేకపోతే అదీ లేదు. అక్కడ గిగాబైట్లు దించుకోవడం అయ్యే పని కాదు. రెండు రోజుల ముందు నుంచే ఫైళ్లు దించుకునే వీలు ఇస్తారు కాబట్టి ఇంటి వైఫైలో ఆ పని చేసేశాను. ఫోన్లో జాగా కోసం పెళ్లి వీడియోలు లాప్‌టాప్‌లోకి పంపించాల్సొచ్చింది. మా ఆవిడ ముందే చెప్పింది, ‘అవి పోతే నువ్వూ ఇంట్లోకి రానక్కర్లేదు’ అని.

తర్వాతి అడ్డం అర్హత. మామూలుగా ఈవెంట్లకు ఆటలో మన స్థాయిని చెప్పే అడ్వెంచర్ ర్యాంకు ఇంత ఉండాలని, ఫలానా కథ పూర్తి చేసి ఉండాలని షరతులుంటాయి. ర్యాంకు నాకుంది, కథ లేదు. అడిగిన కథలన్నీ ఆడుకుంటూ పోతే ఈవెంటు అయిపోతుంది. ఇక్కడే క్విక్ స్టార్ట్ అనే బటన్ పనికొచ్చింది. అది నొక్కితే ముందు కథలు ఆడకుండానే ఈవెంటులోకి పోవచ్చు. తెలియని పాత్రలు వచ్చి పాత చుట్టాల్లా మాట్లాడేస్తుంటే మొదట్లో అయోమయంగానే ఉంటుంది. నేను పట్టించుకోలేదు. డైలాగులు ఆటోలో పెట్టి, ఫోన్ గట్టు మీది మంచానికి ఆనించి చదువుకుంటూ పోయాను. జనం లాంతర్ల మీద కోరికలు రాసి ఆకాశంలోకి వదిలే చోట మాత్రం ఆగి చూశాను. మా స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె అంటూ కోరికను బట్టి రొట్టె మార్చుకునే జనం కళ్లముందు మెదిలారు.

ఇక అసలు ఆట. చిన్న పోటీల దశలు రోజుకొకటి చొప్పున తెరుచుకున్నాయి. తెరుచుకున్న దశ ఈవెంటు ముగిసేదాకా అలాగే ఉంటుంది. తీరిక లేనివాళ్లకు సరిపడే ఈవెంటును నేను గుర్తుపట్టేది దీంతోనే. ఒక వారం గుంటలో నీళ్లు మార్చే పని పడి ఫోన్ ముట్టుకోలేదు. దశలన్నీ పోగుపడి నాకోసం ఎదురుచూశాయి. ఒక్క రాత్రి కూర్చుని చాలావరకు లాగించేశాను. పోరాటాల్లో వాళ్లే అరువు పాత్రలు ఇస్తారు కాబట్టి నా బక్క టీమ్ అక్కడ అడ్డం కాలేదు.

పోల్చి చూడండి, లే లైన్ ఓవర్‌ఫ్లో అని ఇంకో రకం వస్తుంది. రోజుకు మూడుసార్లు రెట్టింపు బహుమతి. ఆ రోజు వాడుకోకపోతే రేపటికి మిగలదు. ఆ బహుమతి తీసుకోవడానికి రెజిన్ అనే శక్తి ఖర్చవుతుంది: ఒక్కోసారికి 20 రెజిన్, 8 నిమిషాలకు ఒక రెజిన్ పుడుతుంది, అంటే మూడుసార్లకు కావలసిన 60 రెజిన్ పుట్టడానికి 8 గంటలు. చూడ్డానికి ఇదే సులువు, అయిదు నిమిషాల పని. కానీ ప్రతిరోజూ హాజరు వేయించుకోవాలి. పని ఎక్కువున్న ఈవెంటు కంటే హాజరు అడిగే ఈవెంటే నాకు బరువు. అదృష్టం కొద్దీ ఏసియా సర్వర్‌లో రోజు మారేది మన టైములో రాత్రి ఒకటిన్నరకు. ఆ వేళకు నేనెలాగూ టార్చి పట్టుకుని గట్టు మీద ఉంటాను. పొద్దున్నే ఆఫీసుకు పోయేవాళ్లకు ఆ సౌకర్యం లేదు.

మావాడితో వాదన వచ్చింది పాయింట్ల దగ్గర. ‘ఏందన్నా, కష్టం లెవెల్ పెంచకుండా ఆడితే అదేం ఆట’ అంటాడు. బహుమతుల పట్టిక చూపించాను. కొత్త పాత్రల కోసం ఖర్చుపెట్టే రత్నాలు, అంటే ప్రిమోజెమ్స్, దాదాపు అన్నీ తక్కువ లెవెల్‌లోనే వచ్చేస్తాయి. పైన మిగిలేది ఆయుధాలు పెంచుకునే సామాను, లేదంటే పేరు పక్కన పెట్టుకునే బొమ్మ. ప్రిమోజెమ్స్ చేతికి రాగానే నా ఈవెంటు అయిపోయినట్టే. దానికి వాడు ముఖం చిట్లించాడు.

ఏదో పోతుందన్న టెన్షన్ గురించి కూడా వాడికి లెక్క కట్టి చెప్పాను. చిన్న ఈవెంటులో వచ్చేది మహా అయితే 420 ప్రిమోజెమ్స్. కొత్త పాత్ర కోసం లాటరీలా వేసే ఒక విష్‌కు 160. అంటే రెండు విష్‌లు, మూడోదానికి చాలవు. అయిదు నక్షత్రాల పాత్ర ఖాయంగా రావాలంటే 90 విష్‌ల దాకా పోవాల్సి రావచ్చు. రోజువారీ పనులు చేస్తే దినానికి 60 వస్తాయి కాబట్టి, వదిలేసిన ఆ చిన్న ఈవెంటు వారం రోజుల పనులతో సమానం. దీనికోసం నిద్ర చెడగొట్టుకోవడం నాకు గిట్టుబాటు కాదు. లాంటర్న్ రైట్ లాంటి పెద్దదైతే వేరే మాట.

చివరికి పాత్రను ఎంచుకునే వంతు వచ్చింది. మావాడు యావోయావో అన్నాడు, నేను షింగ్‌చ్యూ తీసుకున్నాను. నీటి దెబ్బ కొట్టేవాడు నా టీమ్‌లో లేడు మరి. ఈవెంటు దుకాణం గడువు ఇంకా కొన్ని రోజులుంది, అందులో ఈవెంటులో వచ్చిన కూపన్లతో పాత్రల బలం పెంచే సామాను, ముందు కిరీటం, తర్వాత పుస్తకాలు, కొన్నాను. మిగతావి కొనడానికి కూపన్లు చాలలేదు, వదిలేశాను.

తర్వాత వచ్చిన కో-ఆప్ ఈవెంటు, అంటే కలిసి ఆడేది, సరిగ్గా మేం రొయ్యలు పట్టే పట్టుబడి వారంలో పడింది. ‘నువ్వొస్తే నలుగురం అవుతామన్నా’ అని మావాడు మెసేజ్ పెట్టాడు. ఐస్ లారీ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోమని తిరుగు మెసేజ్ పెట్టాను.