రాజీనామా రాసియ్యమంటే పెన్ను ముట్టకుర్రి

మా చిన్నమ్మ కొడుకు వరంగల్ల ఒక పెద్ద బట్టల షాపుల ఏడేండ్ల సంది పట్టుచీరల కౌంటర్ చూస్తుండె. మొన్న స్టాక్ లెక్కల రెండు చీరలు తక్కువొచ్చినయట. ఎట్ల పోయినయో చూసిందీ లేదు, బిల్లులు తీసిందీ లేదు, రాత్రి షట్టర్ దించేటప్పుడు సేటు పిలిచి రేపటి సంది రాకు అన్నడు. గుమస్తా అప్పటికే తెల్లకాయితం టేబుల్ మీద పెట్టి ఉంచిండు. "సొంత పనులుండి మానుకుంటున్న అని రాసియ్యి తమ్మీ, ఈ నెల జీతం ఇప్పుడే చేతుల పెడ్త, లేకుంటే పోలీస్ స్టేషన్ల చూసుకుందాం" అన్నడట. మావోడు రాయలే. ఇంటికొచ్చేసరికి స్టాఫ్ వాట్సాప్ గ్రూపుల కెళ్లి తీసేసిన్రు.

నిజంగ దొంగ అనుకుంటే రాజీనామా ఎందుకు అడుగుతరు చెప్పుర్రి? ఎందుకంటే తీసేసుడు వాళ్లకు అంత అల్కగ కాదు. మన దగ్గర షాపులకు 1988 చట్టం ఉంది, దాంట్ల సెక్షన్ 47 ఏమంటదంటే ఆరు నెలలు, ఆపైన వరుసగ పనిచేసినోన్ని సరైన కారణం లేకుండ తియ్యొద్దు, తీస్తే నెల ముందుగాల రాతల నోటీసియ్యాలె, లేదా నెల జీతమన్న ఇయ్యాలె. తప్పు చేసిండు అంటే నోటీసు అక్కర్లేదు గని విచారణ చెయ్యాలె, అంటే ఆరోపణ ఏందో రాసిచ్చి, జవాబు చెప్పనిచ్చి, సాక్ష్యం రాసుకోవాలె. నింద వేసినోడే తీర్పు చెప్తే అది విచారణ ఎట్లయితది. నువ్వు రాజీనామా రాసిస్తే మాత్రం ఇవేవీ అక్కర్లేదు వాళ్లకు, నీ సంతకంతోనే నువ్వు మానుకున్నట్టయిపాయె.

వరంగల్ల ఆజంజాహి బట్టల మిల్లు నడిచిన రోజులల్ల ఇట్లాంటిదైతే గేటు కాడ యూనియనోళ్లు నిలబడేటోళ్లట, ఇప్పుడు షాపుల పనిచేసే పోరగాన్ని అడిగే దిక్కెవరు.

ఇంకో తిరకాసు ఉంది. ఇంట్ల కూసున్నవంటే "మేం తియ్యలే, ఆయనే వస్తలేడు" అంటరు. అందుకే తెల్లారి టైముకే షాపుకు పొమ్మన్న, లోపలికి రానియ్యలే, అక్కడే ఫోటో తీసుకొని మేనేజర్‌కు మెసేజ్ పెట్టిండు, సాయంత్రం "నేను పనికి వస్త అంటున్న, మీరే రానిస్తలేరు" అని రిజిస్టర్ పోస్టు చేసినం. ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ పాస్‌బుక్, జీతం ఫోన్‌పేల పడ్డది, గ్రూపుల కెళ్లి తీసేసిన స్క్రీన్‌షాట్, అన్నీ జమ చేసినం. షాపుల పదిమందికి పైనే ఉన్నరు, ఐదేండ్లు ఎప్పుడో దాటినయి, కాబట్టి గ్రాట్యుటీ, అంటే పని ఇడిసినప్పుడు సేటు ఇయ్యాల్సిన పైసల లెక్క వేరే ఉంది, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున. అది రాజీనామా చేసినా వస్తది, గుమస్తా ఆ ముచ్చటే ఎత్తలే.

లేబర్ ఆఫీసుల దరఖాస్తు పెట్టినం, పిలిస్తే సేటు మనిషి వచ్చి అచ్చం అదే మాట, "మేం తియ్యలే సార్" అన్నడు. ఫోటో చూపెట్టంగనే బయటికొచ్చి రెండు నెలల జీతం ఇస్తం ఊకోండి అంటుండు. మావోడు పైసలు సరే, దొంగ అన్న మాట వెనక్కి తీసుకోమంటుండు. మళ్ల వాయిదా వచ్చే వారం, హన్మకొండల లేబర్ కేసులు చూసే మంచి వకీలు ఎవరన్న ఎరుకుంటే చెప్పుర్రి.