అతిథుల చిట్టా, చెల్లని నోట్లు

నియంతృత్వం గురించి మనవాళ్ళలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. స్వేచ్ఛ పోతే పోయింది, క్రమశిక్షణ అయినా వస్తుంది, పనులు జరుగుతాయి, ధరలు అదుపులో ఉంటాయి అని. ఆ మాట అనేవారు సాధారణంగా సింగపూర్‌ను ఉదాహరణగా చూపిస్తారు. సింగపూర్ కంటే చాలా ముందు నుంచి మనకు తెలిసిన దేశం, ఉత్తరాంధ్ర నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వేలమంది ఓడెక్కి కూలికి వెళ్ళిన దేశం బర్మా, ఇప్పటి మయన్మార్. దాన్ని మాత్రం ఎవరూ చూపించరు. సైన్యం చేతిలో పడ్డ ఆ దేశం పాతికేళ్ళలో ఎంత చితికిపోయిందో, చితికిపోతున్న కొద్దీ ప్రజల మీద పట్టు ఎలా బిగిసిందో కొంతకాలంగా చదువుతున్నాను. ఆ రెండూ వేర్వేరు కథలు కావని నాకు అర్థమైంది. అందుకే ఇది రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచంలో బియ్యం ఎగుమతికి బర్మాయే పెద్ద దిక్కు. ఏటా దాదాపు 30 లక్షల టన్నులు రంగూన్, తదితర రేవుల నుంచి బయటికి వెళ్ళేవి. ఆ బస్తాలు మోసినవారిలో మన తెలుగు కూలీలు చాలామంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్ళు వీరిని కోరంగీలని పిలిచేవారు. 1930 మేలో రేవు కూలీల సమ్మెతో మొదలైన అల్లర్లలో చచ్చిపోయినవాళ్ళూ ఎక్కువగా వీరే. అంటే బర్మాలో అంతా సవ్యంగా ఉన్న స్వర్ణయుగం ఒకటి ఉండేదనీ, సైన్యం వచ్చి దాన్ని చెడగొట్టిందనీ నేను చెప్పడం లేదు. అప్పుల కింద భూములు పోగొట్టుకున్న బర్మా రైతుకు తమిళ వడ్డీవ్యాపారులైన చెట్టియార్ల మీద ఉన్న కోపంలో న్యాయం లేదని కూడా అనలేం. యుద్ధం, ఆపైన 1948లో స్వాతంత్ర్యం వచ్చిన వెంటనే మొదలైన అంతర్యుద్ధం ఆ దేశాన్ని అప్పటికే సగం కూల్చేశాయి. అయినా బడులు, పత్రికలు, బ్యాంకులు, ఎన్నికలు మిగిలే ఉన్నాయి.

1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. ఆ జూలైలో రంగూన్ విశ్వవిద్యాలయంలో నిరసన తెలిపిన విద్యార్థుల మీద కాల్పులు జరిపించి, మర్నాడు తెల్లవారుజామున విద్యార్థి సంఘ భవనాన్ని డైనమైట్‌తో పేల్చేశారు. 1963 ఫిబ్రవరిలో బ్యాంకులన్నిటినీ జాతీయం చేశారు. ఆ తర్వాతి ఏడాదిలో జరిగిన పనుల క్రమాన్ని కొంచెం నిదానంగా చూడాలి. 1964 మార్చిలో రంగూన్ దుకాణాలకు సైనికులు వెళ్ళి, ఉన్న సరుకుతో సహా వాటిని ప్రభుత్వపరం చేసుకున్నారు. అదే నెలాఖరులో పాలక పార్టీ తప్ప మిగిలిన పార్టీలన్నిటినీ నిషేధించారు. మే 17న 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. అంగడి, పార్టీ, చేతిలోని డబ్బు, ఈ మూడింటినీ రెండు నెలల వ్యవధిలో లాగేసుకున్నారు. ఇందులో ఆర్థిక విధానం ఎంత, అణచివేత ఎంత అని ఎవరైనా గీత గీసి చూపించగలరేమో గానీ, నాకు మాత్రం ఆ గీత కనిపించలేదు.

జాతీయం చేసిన దుకాణాలకు ప్రజా దుకాణాలని పేరు పెట్టారు. వ్యాపారం తెలిసిన యజమాని పోయి, ఆ స్థానంలోకి వ్యాపారమంటే ఏమిటో తెలియని సైనికాధికారి వచ్చి కూర్చున్నాడు. బియ్యం, వంటనూనె, సబ్బు, లుంగీ గుడ్డ, డబ్బా పాలు, అన్నీ అక్కడే దొరకాలి, అవీ కోటా ప్రకారమే. రైతు తన ధాన్యాన్ని ప్రభుత్వం నిర్ణయించిన ధరకే, ప్రభుత్వానికే అమ్మాలి. ఆ ధర ఏళ్ళ తరబడి పెద్దగా కదల్లేదు. భూమి ప్రభుత్వానిది, రైతుకున్నది దున్నుకునే హక్కు మాత్రమే. కౌలు రద్దు చేసి, అప్పుల జప్తు నుంచి రక్షణ కల్పించినప్పుడు సైన్యాన్ని మెచ్చుకున్న రైతే, వడ్డీవ్యాపారి కూర్చున్న చోట ఇప్పుడు ప్రభుత్వం కూర్చుందని త్వరలోనే తెలుసుకున్నాడు. గిట్టుబాటు కాని ధరకు ఎవరు మాత్రం ఎక్కువ పండిస్తారు? పండినదాన్ని దాచుకున్నారు, దొంగచాటుగా అమ్ముకున్నారు. 1967లో వరి దేశమైన బర్మాలోనే బియ్యం కరువైంది. అరకాన్ తీరంలోని అక్యాబ్‌లో బియ్యం కోసం వీధుల్లోకి వచ్చినవారి మీద సైన్యం కాల్పులు జరిపింది. 1970ల మొదటికి ఎగుమతులు 10 లక్షల టన్నులకు బాగా దిగువకు పడిపోయాయి.

బియ్యం సరఫరా చేయడం చేతకాని ఆ ప్రభుత్వానికి, ఏ ఇంట్లో ఏ రాత్రి ఎంతమంది పడుకున్నారో మాత్రం లెక్క తప్పకుండా తెలిసేది.

ప్రతి కుటుంబానికీ ఒక కుటుంబ పత్రం ఉంటుంది, అందులో ఇంట్లోవాళ్ళందరి పేర్లూ ఉంటాయి. ఆ పత్రంలో పేరు లేని మనిషి ఎవరైనా, చెల్లెలైనా మేనల్లుడైనా, రాత్రికి ఇంట్లో ఉండాలంటే వార్డు అధికారి దగ్గరికి వెళ్ళి, వచ్చినవారి పేరు, గుర్తింపు కార్డు నంబరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎన్నాళ్ళు ఉంటారు, ఇంటివారికి ఏమవుతారు అన్నీ రాయించి రావాలి. దాన్నే అతిథుల చిట్టా అంటారు. నడిరాత్రి తలుపు తట్టి, ఇంట్లోవాళ్ళను నిద్ర లేపి వరసగా నిలబెట్టి, పత్రంలోని పేర్లతో తలలు సరిచూస్తారు. ఒక తల ఎక్కువైతే జరిమానా, లేదంటే కొన్నాళ్ళ జైలు. ఇది నే విన్ కనిపెట్టిన పద్ధతి కాదు. బ్రిటిష్‌వాళ్ళు 1907లో చేసిన గ్రామ, పట్టణ చట్టాల్లోనే దీని మూలం ఉంది. పరాయి పాలకుడు తిరుగుబాటుదార్ల కోసం తయారుచేసిన పనిముట్టును స్వదేశీ పాలకుడు అటక మీంచి దించి, నూనె పెట్టి, సొంత జనం మీద రోజూ వాడాడు.

ఆ చిట్టాకు బలం పోలీసు భయం వల్ల మాత్రమే రాలేదు. రేషన్ కూడా ఆ కుటుంబ పత్రాన్ని బట్టే వచ్చేది. అందులో పేరు లేకపోతే బియ్యం లేదు, నూనె లేదు. కాబట్టి జనమే తమ పేర్లు జాగ్రత్తగా ఎక్కించుకున్నారు, మార్పులుంటే తామే వెళ్ళి చెప్పుకున్నారు. బజారు నిండా సరుకు ఉండి, ఎవరైనా ఎక్కడైనా కొనుక్కోగలిగే దేశంలో ఇంత శ్రద్ధగా ఎవరు నమోదు చేయించుకుంటారు? కొరత ఎంత ముదిరితే వార్డు అధికారి గుమ్మం అంత పూజనీయమవుతుంది. కొరతను ప్రభుత్వం కావాలనే సృష్టించిందని నేను అనను. అది అజ్ఞానం వల్ల, అహంకారం వల్ల వచ్చింది. అయితే వచ్చిన కొరత పాలకులకు అక్కరకు వచ్చింది, అందుకే దాన్ని పోగొట్టాలన్న తొందర వాళ్ళలో కనిపించలేదు.

పరాయివాళ్ళుగా ముద్రపడ్డ భారతీయులకు ఆ పత్రం కూడా అండగా నిలవలేదు. దుకాణాలు పోయి, ఉద్యోగాలు పోయి, 1960లలో దాదాపు 3 లక్షలమంది భారత సంతతివారు బర్మా వదిలి వచ్చేశారని అంచనా. పుట్టి పెరిగిన ఊరు విడిచి ఓడెక్కే మనిషి చేతికి 175 క్యాట్లు మాత్రమే ఇచ్చారని, ఒంటి మీది బంగారం రేవులోనే తీయించారని వచ్చినవాళ్ళు చెప్పుకున్నారు. విశాఖలో ఓడ దిగి అక్కడే స్థిరపడిన కుటుంబాల గుర్తుగా కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు నేటికీ నిలిచి ఉంది. మన పాత మండువా ఇళ్ళలో బర్మా టేకు స్తంభాలను నిమిరి మురిసిపోయేవారికి, అదే దేశం నుంచి కట్టుబట్టలతో వచ్చిన ఈ మనుషుల సంగతి అంతగా పట్టలేదు. 1982లో పౌరసత్వ చట్టం తెచ్చి పౌరులను మూడు తరగతులుగా విడదీసినప్పుడు, అక్కడే ఉండిపోయిన తెలుగువారు, తమిళులు చాలామంది తమ తాత ఎప్పుడు వచ్చాడో కాగితాలతో రుజువు చేసుకోవలసి వచ్చింది.

ప్రజా దుకాణంలో దొరకనిది దొంగబజారులో దొరికేది. థాయ్‌లాండ్ సరిహద్దు దాటి గుడ్డలు, మందులు, రేడియోలు, సైకిల్ విడిభాగాలు వచ్చేవి. ఇటు నుంచి టేకు, పచ్చరాళ్ళు, పశువులు వెళ్ళేవి. దారిలో ఉన్న కొండ ప్రాంతాలు తిరుగుబాటు దళాల చేతిలో ఉండేవి. ఆ దళాల్లో ఒకటైన కరెన్ నేషనల్ యూనియన్ సరిహద్దు గేట్ల దగ్గర సుంకం వసూలు చేసి, ఆ డబ్బుతోనే తుపాకులు కొన్నది. రంగూన్‌లో ప్రతి గృహిణీ దొంగబజారులో ఒక సబ్బు కొన్నప్పుడల్లా ప్రభుత్వం మీద యుద్ధానికి కొంత చందా ఇచ్చినట్టే లెక్క. సొంత ఆర్థిక విధానంతో తన శత్రువులకు ఖజానా నింపిపెట్టిన ప్రభుత్వం మరొకటి ఉన్నదేమో గానీ, నాకు తెలియదు. దొంగబజారు నేరమే అయినా అందరూ అందులోనే బతికారు. ప్రతివాడూ ఏదో ఒక నేరం చేయక తప్పని చోట ఎవరిని ఎప్పుడు పట్టుకోవాలన్నది అధికారి ఇష్టం.

1970ల చివరి నుంచి కొన్నేళ్ళు పరిస్థితి కాస్త మెరుగుపడిన మాట కూడా చెప్పాలి. కొత్త వరి వంగడాలు వచ్చాయి, జపాన్ వంటి దేశాల సాయం వచ్చింది, దిగుబడి పెరిగింది. 1980ల మధ్యకు ఆ ఊపు కూడా ఆగిపోయి, అప్పుల భారం మిగిలింది.

అప్పుడు మళ్ళీ నోట్ల మీద పడ్డారు. 1985 నవంబరులో 50, 100 క్యాట్ల నోట్లు రద్దు చేసి, కొంత పరిమితి వరకు మార్చుకోనిచ్చారు. కొత్తగా 75 క్యాట్ల నోటు తెచ్చారు. ఆ మరుసటి ఏడాది 15, 35 వచ్చాయి. 1987 సెప్టెంబరు 1న ధాన్యం వ్యాపారం మీద ఆంక్షలు సడలిస్తున్నామని ప్రకటించారు. వ్యాపారులు ఊపిరి పీల్చుకుని కొనుగోళ్ళకు డబ్బు సిద్ధం చేసుకుంటున్న వేళ, నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబరు 5న, 25, 35, 75 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. నోట్ల రద్దు మనకు తెలియని సంగతి కాదు, మనమూ బ్యాంకుల ముందు వరసల్లో నిలబడ్డాం. అక్కడ నిలబడడానికి వరస కూడా లేదు. ఆ నోట్లు మార్చుకునే ఏర్పాటే చేయలేదు. చలామణిలో ఉన్న డబ్బులో సగానికి పైగా ఒక్క ప్రకటనతో చిత్తుకాగితమైంది. బ్యాంకులను నమ్మక గోతాల్లో, దిండ్లలో దాచుకున్న రైతుది పోయింది, కూతురి పెళ్ళికి కూడబెట్టిన టీ దుకాణం యజమానిది పోయింది. ఫీజుల కోసం ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బు చెల్లకుండా పోయిన రంగూన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం విద్యాలయాలు మూసేసి అందరినీ ఊళ్ళకు పంపింది. ఆ విధంగా కోపం ఊరూరా చేరింది.

ఆ నెలలోనే 45, 90 క్యాట్ల నోట్లు వచ్చాయి. రెండూ 9తో భాగించబడే సంఖ్యలు, 9 నే విన్‌కు కలిసొచ్చే అంకె అని అంటారు. బర్మా గురించి రాసే ప్రతివారూ ఈ జ్యోతిష్యం ముచ్చట దగ్గర ఆగి నవ్వుకుంటారు. నాకు అది దారి తప్పించే ముచ్చట అనిపిస్తుంది. 9 బదులు గుండు సున్నా వేసినా దోపిడీ దోపిడీయే. జనం చేతిలో ఉన్న నగదు మాత్రమే చిట్టాకెక్కని ఆస్తి, ఎవరికీ చెప్పనక్కరలేని ఆస్తి. మూడుసార్లూ దెబ్బ పడింది దాని మీదే. 1987 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి బర్మాను అత్యంత వెనుకబడిన దేశాల జాబితాలో చేర్చింది. ఆ ప్రభుత్వమే రుణాల్లో వెసులుబాటు కోసం ఆ హోదాను కోరుకుంది.

1988 మార్చిలో టీ దుకాణంలో మొదలైన చిన్న తగవు విద్యార్థుల తిరుగుబాటుగా మారింది. జూలై 23న పార్టీ పదవి నుంచి తప్పుకుంటూ నే విన్, సైన్యం తుపాకీ పేలిస్తే గాలిలోకి పేల్చదు, తగిలేటట్టే పేలుస్తుంది అని చెప్పి మరీ వెళ్ళాడు. ఆగస్టు 8న దేశమంతా కదిలింది. సెప్టెంబరు 18న సైన్యం మళ్ళీ నేరుగా గద్దెనెక్కింది. వేలమంది చనిపోయారు.

ఇదంతా పాత చరిత్ర అనుకోవచ్చు. అతిథుల చిట్టాను 2016లో ఎన్నికైన పార్లమెంటు రద్దు చేసింది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం తిరుగుబాటు చేశాక, రెండు వారాలైనా గడవకముందే ఫిబ్రవరి 13న ఆ నిబంధన మళ్ళీ అమల్లోకి వచ్చింది. బ్యాంకులు సరిగా తెరుచుకోకముందే, జీతాలు అందకముందే చిట్టా తిరిగి వచ్చింది. ప్రభుత్వానికి ఏది ముఖ్యమో అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. అర్ధరాత్రి అధికారులు వీధిలోకి రాగానే జనం గిన్నెలు, మూకుళ్ళు మోగించి ఒకరినొకరు హెచ్చరించుకున్నారు. దుష్టశక్తులను తరిమేందుకు వాళ్ళ ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న ఆచారమది. 2022 నుంచి డాలరుకు 2,100 క్యాట్లని అధికారిక ధర కట్టేశారు. 2024 నాటికి బజారులో అది అంతకు రెండింతలు దాటింది.

2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమలు చేస్తున్నట్టు ప్రకటించారు. 18 నుంచి 35 ఏళ్ళ లోపు పురుషులు, 27 ఏళ్ళ లోపు స్త్రీలు దాని పరిధిలోకి వస్తారు. ఎవరింట్లో ఈడొచ్చిన కొడుకు ఉన్నాడో కొత్తగా వెతకనవసరం లేకపోయింది, వార్డు అధికారి దగ్గర కుటుంబ పత్రాలున్నాయి. యువకులు థాయ్‌లాండ్ వైపు పరుగెత్తారు. మే నెల మొదట్లో పురుషులకు విదేశీ ఉద్యోగ అనుమతులు ఆపేశారు. అంతకుముందే వెళ్ళి మలేషియాలోనో థాయ్‌లాండ్‌లోనో కష్టపడుతున్నవారు జీతంలో 25 శాతం అధికారిక మార్గంలోనే, అంటే బజారు కంటే తక్కువ వచ్చే ప్రభుత్వ మారకపు ధరకే, ఇంటికి పంపాలని 2023లోనే ఆదేశించారు. అలా పంపకపోతే పాస్‌పోర్టు కాగితాల పనులు జరగవు.