ఫ్రెంచ్ మజోలికా కొంటున్నారా? ముందు నెర్రెలు చూడండి

ఆస్పరాగస్ పళ్లెమైనా, ముఖం ఆకారపు కూజా అయినా, మజోలికా అంటే రంగురంగుల గ్లేజు, అంటే గాజులాంటి పూత, వేసిన మట్టి సామాను. విశాఖలో పెట్టుకోబోయేదానికి మొదటి పరీక్ష రంగు కాదు, గ్లేజు మీది నెర్రెలు. లోపలున్నది పింగాణీ కాదు, నీళ్లు పీల్చే మట్టి. పైన సీసం కలిసిన గ్లేజు. రెండింటికీ పొసగక సన్నటి నెర్రెలు పడటం పాత సరుకులో మామూలే. అవి గోధుమరంగుకి తిరిగితే మాత్రం జిడ్డో, తేమో మట్టిలోకి దిగినట్టు. అలాంటివాటికి ధర తగ్గించి అడగండి. బీచ్ రోడ్డు ఇళ్లలో అవి ఇంకా చెడతాయి.

తర్వాత అడుగు తిప్పి చూడండి. సార్‌గమిన్ అనే ఊరి కంపెనీ చేసిన ముఖాల కూజాల్లో లోపలివైపు లేత నీలిపచ్చ, అడుగున మట్టిలో నొక్కిన అచ్చు నంబరు కనిపిస్తాయి. 1871 నుంచి 1918 దాకా ఆ ఊరు జర్మనీ ఏలుబడిలో ఉంది. అందుకే కంపెనీ ఫ్రాన్స్‌లోనే ఉన్న దిగ్వాన్‌లో కూడా ఫ్యాక్టరీ పెట్టింది. లూనెవిల్ అనే మరో ఫ్రెంచ్ ఊరి సరుకు మీద యజమానులు కెల్లర్, గెరాన్ పేర్ల పొడి అక్షరాలు ఉంటాయి. అసలు ముద్రే లేని మంచి సరుకూ బోలెడుంది. అమెరికా చట్టం వల్ల 1891 నుంచి ఆ దేశానికి పంపే సరుకు మీద దేశం పేరు వేయాల్సొచ్చింది. కాబట్టి ‘ఫ్రాన్స్’ అని ఉంటే సాధారణంగా ఆ తర్వాతిది. లేనంతమాత్రాన అంతకు ముందుదని కాదు, స్వదేశంలో అమ్ముకున్నదానికి ఆ గొడవే లేదు.

విరిగితే అతికించిన చోట్లు ముక్కులు, పిడులు, అంచుల దగ్గరే ఎక్కువ. చీకటి గదిలో 365 నానోమీటర్ల యూవీ టార్చి వేస్తే కొత్త రంగు, జిగురు చుట్టుపక్కలకంటే వేరుగా మెరుస్తాయి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు పిడి అతుకు, అడుగు ఎండలో తీసిన ఫొటోలు అడగాలి. పంపనంటే వదిలేయండి.

కడగడం దగ్గరే చాలామంది పాడుచేస్తారు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ వద్దు, పులుపు సీసపు గ్లేజుని తినేస్తుంది. బ్లీచింగ్ నెర్రెల్లోకి దిగి ఉప్పు మిగులుస్తుంది, ఆరాక ఆ ఉప్పే గ్లేజుని పొరలుగా లేపుతుంది. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లదీ అదే కథ. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు చుక్కల గాఢత లేని సబ్బు, మెత్తటి బ్రష్షు చాలు. నానబెట్టొద్దు. అతుకున్న ముక్కైతే తడిగుడ్డతో తుడిచి ఊరుకోండి. కడిగినదాన్ని నీడలో, ఫ్యాను గాలికి కనీసం ఒక రోజు ఆరనిచ్చాకే అద్దాల బీరువాలో పెట్టాలి. వానాకాలం అందులో సిలికా జెల్ పొట్లాలు ఉంచండి.

గోడకి తగిలించే స్ప్రింగు హ్యాంగర్లతో ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్త. ఉప్పుగాలికి ఇనుప కొక్కెం తుప్పు పట్టి, పళ్లెం అంచు నెర్రెల్లోకి ఎర్రమరక దిగుతుంది. అది ఇంట్లో పోగొట్టగలిగేది కాదు. ప్లాస్టిక్ తొడుగున్న కొక్కేలు వాడి, తొడుగు చిరిగిందేమో అప్పుడప్పుడు చూడండి. ఆల్చిప్పలు వడ్డించే ఆయిస్టర్ పళ్లేలు గోడకి ఎంత అందమో! వాటిలో పచ్చడి మాత్రం వడ్డించకండి, సీసం దిగుతుంది.

వందేళ్లు దాటిన కళాఖండాన్ని దేశం దాటించాలంటే 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది. విదేశంలో ఉన్న పిల్లలకి పంపుదామనుకునేవాళ్లు ప్యాక్ చేయకముందే పురావస్తు శాఖ దగ్గర విచారించుకోవాలి.