హెచ్‌ఎస్‌పీసీ లైపోజోమ్‌లు: 65 డిగ్రీలు ఎక్కడెక్కడ కావాలి (నా అనుభవం)

హెచ్‌ఎస్‌పీసీ (హైడ్రోజన్ చేర్చిన సోయా లిపిడ్), కొలెస్ట్రాల్, పెగ్ అనే పాలిమర్ తగిలించిన డీఎస్‌పీఈ (ఇదీ లిపిడే). క్యాన్సర్ మందు డాక్సోరుబిసిన్‌ను మోసే డాక్సిల్ లైపోజోమ్ (అతిచిన్న లిపిడ్ బుడగ) గోడలో ఉండేవి ఈ మూడే. మందు ఎక్కించని ఖాళీ లైపోజోమ్‌లను 2 మిల్లీలీటర్లు చేసుకోవడానికి నా తూకాలు వరుసగా 19.2, 6.4, 6.4 మిల్లీగ్రాములు. మోల్ లెక్కన సుమారు 56:38:5.

తూకం కన్నా ముందు చూడాల్సింది టీఎం. లిపిడ్ తోకలు బిగుసుకున్న జెల్ స్థితి నుంచి కదలాడే స్థితికి మారే ఉష్ణోగ్రత అది. తోక పొడవు పెరిగేకొద్దీ పైకి పోతుంది: 14 కార్బన్ల డీఎంపీసీకి 24, 16 కార్బన్ల డీపీపీసీకి 41, 18 కార్బన్ల డీఎస్‌పీసీకి 55 డిగ్రీలు. అవే 18 కార్బన్లు, ఒక్కో తోకలో ఒక సిస్ ద్విబంధం పడిందంటే డీఓపీసీ, మైనస్ 17. లిపిడ్ తల (నీటివైపు ఉండే కొస) మారినా తేడా వస్తుంది. డీపీపీసీ తోకలనే ఇథనోలమైన్ తలకు తగిలిస్తే 63. సోయా నుంచి వచ్చే హెచ్‌ఎస్‌పీసీలో 18 కార్బన్ల తోకలే ఎక్కువ, 16 కార్బన్లవి కొన్ని. అందుకే డీఎస్‌పీసీకి కాస్త కింద, 52-53 దగ్గర మారుతుంది. పని మాత్రం 65లో చేస్తాను. టీఎం మీద పది డిగ్రీలు చేతిలో ఉంటే నిశ్చింత.

ఫ్రీజర్‌లోంచి తీసిన సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు. తేమ పట్టిందా, తూకం తప్పినట్టే. 50 మిల్లీలీటర్ల గుండ్రటి ఫ్లాస్కులో 2 మిల్లీలీటర్ల క్లోరోఫామ్‌తో మూడింటినీ కరిగించి, రోటావ్యాప్‌లో (ఫ్లాస్కును తిప్పుతూ ద్రావకాన్ని ఆవిరి చేసే యంత్రం) 45 డిగ్రీల దగ్గర పలచటి పొర చేస్తాను. వాక్యూమ్ మెల్లగా పెంచాలి, లేకుంటే ఎగదన్ని మెడలోకి ఎక్కుతుంది. తర్వాత రాత్రంతా పంపు మీదే.

తడపడానికి 250 మిల్లీమోలార్ అమ్మోనియం సల్ఫేట్, అంటే 50 మిల్లీలీటర్లకు 1.65 గ్రాములు. ఎక్కువమంది పొరపాటు ఇక్కడే: ఫ్లాస్కు 65లో ఉంటుంది, బఫర్ (ఆ అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం) మాత్రం గది వేడిలో. అది పడగానే పొర బిగుసుకుని పెచ్చులుగా లేస్తుంది, ఎంత తిప్పినా ఆ పెచ్చులు విడవవు. బఫర్ కూడా 65కి రావాలి. ఫ్లాస్కు నీళ్లలో మునిగిన మేరకే వేడిగా ఉంటుంది, పైన ఏసీ గాలి తగిలే చోట గాజు చల్లారిపోతుంది. పొర అంచు ఎక్కడిదాకా ఉందో చూసి అంతకన్నా పైకి ముంచాలి. వాక్యూమ్ లేకుండా గంటసేపు తిప్పితే పాలలా తయారవుతుంది.

కొలెస్ట్రాల్ ఇంత ఉంటే డీఎస్‌సీలో (వేడి ఎక్కేకొద్దీ ఎంత వేడి పీల్చుకుంటుందో కొలిచే పరీక్ష) టీఎం శిఖరం దాదాపు చదునైపోతుంది కదా, గది వేడిలో చేస్తే ఏమని అడుగుతుంటారు. అది ముందే కలిసిపోయిన పొరల సంగతి. ఎండిన లిపిడ్ నీళ్లు తాగాలంటే, మిశ్రమంలో ఎక్కువ టీఎం ఉన్న లిపిడ్ లెక్కే పాటించాలి.

ఎక్స్‌ట్రూడర్‌లో (సన్న రంధ్రాల మెంబ్రేన్ గుండా నెట్టి సైజు తగ్గించే పరికరం) 400, తర్వాత 200, చివరికి 100 నానోమీటర్ల మెంబ్రేన్. హాట్‌ప్లేట్ మీద కనిపించే అంకె బ్లాక్ (ఎక్స్‌ట్రూడర్‌ను పెట్టే లోహపు దిమ్మ) వేడి కాదు, థర్మామీటర్ బ్లాక్ రంధ్రంలో పెట్టి చూడాలి. సిరంజిలను బ్లాక్‌లో పావుగంట ఉంచి మొదలుపెడతాను. ఒక్కో మెంబ్రేన్‌కు 11 సార్లు. బేసి సంఖ్య ఎందుకంటే, చివర్లో సరుకు అవతలి సిరంజిలో చేరాలి, దాటనిది ఇవతలే ఉండిపోవాలి. ప్లంజర్ మొరాయిస్తే బలం చూపించొద్దు, ముందు వేడి చూడండి. ఉన్నట్టుండి తేలిగ్గా జారిందంటే మెంబ్రేన్ చిరిగినట్టే. అంతా సవ్యంగా జరిగితే సైజు 100-120 నానోమీటర్లు, పీడీఐ (సైజుల్లో తేడా ఎంతో చెప్పే అంకె) 0.1 లోపు. 0.2 దాటితే నా మొదటి అనుమానం చిరిగిన మెంబ్రేన్ మీదే.

డాక్సోరుబిసిన్ ఎక్కించాలన్నా పొర మెత్తబడాలి కాబట్టి మళ్లీ 60-65. దానికి ముందు బయటి అమ్మోనియం సల్ఫేట్‌ను డయాలిసిస్‌తోనో కాలమ్‌తోనో తీసేయాలి. లోపలికీ బయటికీ తేడా లేకపోతే మందు లోపలికి లాగబడదు. ఎక్కాక వెంటనే ఐస్‌లో పెట్టాలి. అవసరానికి మించి వేడిలో ఉంచితే లిపిడ్ జలవిశ్లేషణ చెంది లైసో లిపిడ్ (ఒక తోక ఊడినది) పుడుతుంది. పీహెచ్ 6.5 దగ్గర ఆ నష్టం అతి తక్కువ. నిల్వ 2-8 డిగ్రీల్లో, గడ్డకట్టనివ్వకూడదు.

ఇదే పద్ధతి డీపీపీసీకి వాడితే 50 చాలు. డీఎంపీసీతో మాత్రం జాగ్రత్త. కొబ్బరినూనె పేరుకునే వేడే దాని టీఎం కూడా. జెల్, ద్రవ ముక్కలు రెండూ పక్కపక్కన ఉన్నప్పుడే పొర ఎక్కువగా కారుతుంది. ఏసీ 24లో పెట్టిన గదిలో బల్ల మీద వదిలేస్తే, లోపల నింపినది బయటికి వచ్చేస్తుంది.