బలపం ముక్కలు

మొన్న బట్టల షాపులో చిల్లర తీయమని మా ఆడబిడ్డ తన పర్సు నా చేతికిచ్చింది. జిప్పు అరలో, కాగితంలో చుట్టిన బలపం ముక్కలు దొరికాయి. ఐదారున్నాయి, ఒకటి సగం కొరికి ఉంది. మాఘంలో దాని పెళ్లి. "వదినా, అమ్మకు చెప్పకు" అంది, మొహం ఎర్రగా చేసుకుని.

నేనేం చెప్తాను? ఆరేళ్ల కింద ఇదే ఇంట్లో, దేవరకొండలో, బియ్యం డ్రమ్ము దగ్గర దొంగలా నిలబడ్డదాన్ని నేను. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు గుప్పెడు గుప్పెడు పచ్చి బియ్యం బుక్కేదాన్ని. స్కూల్లో పిల్లలకు పాఠం చెప్తూ కూడా చీర కొంగులో నాలుగు గింజలు ఉండేవి. వాన పడితే మట్టి వాసనకు నోట్లో నీళ్లూరేవి. అత్తమ్మ చూసి నవ్వింది. "కడుపుతోనున్నోళ్లకు గట్లనే ఉంటది బిడ్డా. నేనైతే పుట్టమన్ను తిన్న." ఒంట్లో రక్తం తక్కువైనా ఇట్లా బియ్యం, మన్ను, బలపం తినబుద్ధవుతుందని, ఆమెకూ అదే అయి ఉండొచ్చని అప్పుడు నాకు తట్టలేదు.

మూడో నెల దాటాక రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు కనీసం 11 ఉండాలి. ఏఎన్ఎం మేడం కార్డు మీద ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఐరన్ గోళీలు ఇచ్చింది. నేను ఒక్కరోజు మానలేదు, ప్రమాణంగా చెప్తున్నా. పొద్దున్నే టిఫిన్ ముందు గోళీ నోట్లో వేసుకుని, చాయ్‌తో మింగేదాన్ని. మళ్లీ పదింటికి స్టాఫ్‌రూమ్‌లో చాయ్, సాయంత్రం ఇంట్లో చాయ్. రెండు నెలల తర్వాత చూస్తే 8.4.

చాయ్‌లో ఉండే టానిన్లు ఐరన్‌ని పట్టేసుకుంటాయి, అది ఒంటికి పట్టదు. పాలు, కాల్షియం గోళీలు కూడా దాని పక్కన ఉండకూడదు. నిమ్మకాయ నీళ్లు, జామపండు, ఉసిరికాయ లాంటివి పక్కనుంటే బాగా పడుతుంది. ఇంత చిన్న సంగతి నాకు ఏడో నెలలో తెలిసింది. చెప్పింది డాక్టర్ కాదు, మా వీధి అంగన్‌వాడీ టీచర్.

ఆమె దగ్గరికి కూడా ఆలస్యంగానే పోయాను. తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం కింద 2015 నుంచి గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే ఒక పూట నిండు భోజనం పెడుతున్నారు: అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. "ప్రైవేటు స్కూలు టీచర్ని, అక్కడ కూర్చుని తినుడేంది" అని నా బడాయి. ఇంట్లో మాత్రం అందరూ తిన్నాక, గిన్నెలో అడుగున మిగిలిన పప్పుచారుతో తినేదాన్ని. ఎవరూ తినొద్దనలేదు. అట్లా అలవాటైపోయింది, అంతే. పైగా ఎనిమిదో నెలలో ఒక పెద్దమ్మ వచ్చి, "ఎక్కువ తినకు, పిల్ల పెద్దగైతే కాన్పు కష్టమైతది" అని చెప్పి పోయింది. విన్నాను కూడా.

నాకు చాయ్ మీద ఇంకో కోపం ఉంది. మా పుట్టిల్లు మర్రిగూడ మండలం, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న చోటు. చిన్నప్పుడు తాగిందంతా బోరు నీళ్లే, నా ముందు పళ్ల మీద పసుపు చారలు ఇప్పటికీ ఉన్నాయి. ఫ్లోరైడ్ అంటే పళ్లు, ఎముకలు అనే మనకు తెలుసు. అది పేగు లోపలి పొరను కూడా పాడు చేస్తుందట, తిన్నది సరిగ్గా ఒంటికి పట్టనివ్వదట. ఢిల్లీలో డాక్టర్ ఏ.కె. సుశీల, ఆమె తోటివాళ్లు గర్భిణులకు ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు, తిండి మాన్పించి, పోషకాలున్న తిండి పెంచి చూస్తే హిమోగ్లోబిన్ పెరిగింది, పుట్టిన పిల్లల బరువూ మెరుగైంది. 2010లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. చాయ్ ఆకులోనూ, నల్ల ఉప్పులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. ఇప్పుడు మా ఊరికి మిషన్ భగీరథ నల్లా నీళ్లొస్తున్నాయి, మంచిదే. కానీ రోజుకు నాలుగు చాయ్‌లు మన చేతిలో పనే కదా.

పాప 2 కిలోల 100 గ్రాములతో పుట్టింది. రెండున్నర కిలోలకు తక్కువుంటే తక్కువ బరువు కిందే లెక్క. పక్క మంచం వాళ్ల బంధువు తేనె సీసా తెచ్చి "నాలుకకు రాయండి" అంటే నర్సమ్మ గట్టిగానే తిట్టింది. ఏడాది నిండకముందు తేనె పెడితే బొట్యులిజం అనే విషపు జబ్బు వచ్చే ప్రమాదం ఉందని తర్వాత చదివాను. గంటలోపే ముర్రుపాలు పట్టించింది ఆ నర్సమ్మే. పాపను బట్టలు లేకుండా నా ఎద మీద పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పి, "ఇదే నీ బిడ్డకు వెచ్చటి పెట్టె" అంది. ఇరవై రోజులు అట్లాగే, నేను లేస్తే మా ఆయన ఎద మీద. మా నాన్న అది చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, సిగ్గుపడి.

ఇంటికొచ్చాక పత్యం. ఎల్లిపాయ కారం, అన్నం, గుక్కెడు నీళ్లు. కారంతో నాకు పేచీ లేదు, ఇష్టమే. అది తప్ప ఏదీ పెట్టకపోవడంతోనే. పాలిచ్చే మనిషికి ఆకలి ఎంత ఉంటుందో!

రెండోసారి మూడేళ్లు ఆగాం. అనుకున్న నాటికి మూడు నెలల ముందే రక్తం పరీక్ష చేయించుకున్నా, నట్టల గోళీ వేసుకున్నా, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టా. ఫోలిక్ యాసిడ్ కావాల్సింది బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం సరిగ్గా మూసుకోవడానికి, అది కడుపు పడ్డ 28 రోజులకే మూసుకుంటుంది. మనకు నెల తప్పిందని తెలిసేసరికి ఆ పని దాదాపు అయిపోయి ఉంటుంది. ఐరన్ గోళీ రాత్రి అన్నం తిన్న రెండు గంటలకు, నిమ్మకాయ నీళ్లతో. తైదల అంబలి, జొన్నరొట్టె, మునగాకు పప్పు, పల్లీ పట్టీలు. రోజూ పన్నెండున్నరకు అంగన్‌వాడీలో భోజనం, బడాయి లేకుండా. అత్తమ్మే ముందు నాకు వడ్డించేది, ఈసారి నేను అడిగాను కాబట్టి. తొమ్మిదో నెలలో 11.3. బాబు 2 కిలోల 900.

ఆడబిడ్డను నిన్న పరీక్షకు తీసుకుపోయాను. 9.1. కడుపుతో లేని ఆడవాళ్లకు 12 ఉండాలి. స్కూల్లో వారానికొకటి ఇచ్చే నీలం ఐరన్ గోళీలు ఏం చేసేదానివని అడిగితే, "కిటికీల నుంచి ఇసిరేసేటోళ్లం వదినా, అందరం" అంది. మాఘానికి ఇంకా నాలుగు నెలలుంది. డాక్టర్ రాసిన గోళీలు నా బీరువాలోనే పెట్టాను, రోజూ రాత్రి నేనే చేతికిస్తా. బలపం ముక్కలు కూడా నా దగ్గరే ఉన్నాయి. అత్తమ్మకు చెప్పలేదు కానీ, వచ్చే సోమవారం ఆమె రక్తం కూడా చూపించాలి.