అంటార్కిటికా మంచు లెక్కలతో నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఎత్తు అంటే మాకు ఏటిగట్టే. అలాంటి చోట కూర్చుని, ధ్రువాల దగ్గర కొండలు మంచును ఎలా కురిపిస్తాయో ప్రాజెక్టు చేస్తానంటే ఇంట్లోవాళ్లు వింతగా చూశారు. కానీ మన గోదావరి పుట్టిందే పడమటి కనుమల్లో కదా. అదే కనుమల మీద మహాబలేశ్వరంలో ఏడాదికి 5 వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, కొండ దిగి కాస్త తూర్పుకి వెళ్తే వెయ్యి కూడా ఉండదు.

డేటా యూరప్ కోపర్నికస్ వాతావరణ సంస్థ వాళ్ల ఈఆర్‌ఏ5, అంటే పాత పరిశీలనలను కంప్యూటర్ మోడల్‌తో కలిపి తయారుచేసిన వాతావరణ రికార్డు. ఉచితమే, 1940 నుంచి ఉంది. అకౌంట్ తెరిచి, లైసెన్స్ షరతులు ఒప్పుకుని, రిక్వెస్ట్ పెట్టి క్యూలో ఆగాలి. ప్రపంచం మొత్తం అడగకుండా అంటార్కిటిక్ ద్వీపకల్పం వరకే కత్తిరించి అడిగితే మా ఊరి నెట్‌కి కూడా దిగుతుంది. నెలవారీ ఫైళ్లలో హిమపాతం కరిగిస్తే రోజుకి ఇన్ని మీటర్ల నీరు అనే లెక్కలో ఉంటుంది, నెలలో రోజులతో గుణించుకోవాలి. నేల ఎత్తు నేరుగా ఇవ్వరు, జియోపొటెన్షియల్ (ఎత్తుని గురుత్వ త్వరణంతో గుణించిన విలువ) ఇస్తారు, దాన్ని 9.80665తో భాగిస్తే మీటర్లు వస్తాయి.

రెండింటినీ కలిపి పడమర నుంచి తూర్పుకి ఒక గ్రాఫ్ గీశాను. సముద్రం మీద మామూలుగా ఉన్న మంచు గీత పడమటి వాలు దగ్గరికి రాగానే నిటారుగా లేచింది, శిఖరం దాటాక తూర్పున ఉన్న లార్సెన్ మంచు ఫలకం వైపు పడిపోయింది. దక్షిణ సముద్రం చుట్టూ అడ్డూఆపూ లేకుండా తిరిగే పడమటి గాలులకు ఆ ద్వీపకల్పం గోడలా తగులుతుంది, గాలి పైకెక్కి చల్లబడి తేమంతా అక్కడే దించేస్తుంది. అవతలివైపు దిగే గాలి పొడిబారి వేడెక్కుతుంది, ఒక్కోసారి మంచును కరిగిస్తుంది కూడా.

అసలు టెన్షన్ ఇక్కడే మొదలైంది. ఈఆర్‌ఏ5 భూమిని గడులుగా విడగొట్టి లెక్కిస్తుంది, ఒక్కో గడి దాదాపు 31 కిలోమీటర్లు, ఆ కొండల వెడల్పుకి రెండు మూడు గడులే పడతాయి, అందుకే మోడల్లో శిఖరాలు అసలు ఎత్తు కంటే బాగా తక్కువ. పైగా మంచు రేకు సెకనుకు మీటరు చొప్పున నెమ్మదిగా దిగుతుంది. 2 కిలోమీటర్ల పైనుంచి దిగడానికి 2 వేల సెకన్లు, ఈలోపు సెకనుకు 15 మీటర్ల గాలి దాన్ని 30 కిలోమీటర్లు మోసుకుపోతుంది, అంటే సరిగ్గా ఒక గడి! వాన చినుకైతే ఐదారు నిమిషాల్లో నేల మీదుంటుంది. ఈ ఒక్క లెక్క వేశాకే ప్రాజెక్టు నాకు నిజంగా అర్థమైంది. 5.5 కిలోమీటర్ల గడులున్న ప్రాంతీయ మోడళ్లలో పడమటి వాలుల మీద ఏడాదికి 3 మీటర్ల నీటికి మించిన మంచు ఎందుకు కనిపిస్తుందో కూడా అప్పుడే తెలిసింది.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ అడిగిన మొదటి ప్రశ్న, "చలి ఎక్కువున్న చోటే మంచు ఎక్కువ పడాలి కదమ్మా?" 1983లో మైనస్ 89.2 డిగ్రీలు నమోదైన, అంటార్కిటికా లోపలి వోస్తోక్ పరిశోధన కేంద్రం పేరు చెప్పాను. అక్కడ ఏడాదంతా పడేది రెండు మూడు సెంటీమీటర్ల నీటికి సమానమైన మంచే సార్, మైనస్ 30 దగ్గరే గాలిలో పట్టే తేమ మన ఎండాకాలపు గాలితో పోలిస్తే దాదాపు వందో వంతు, తేమ మోసుకొచ్చే సముద్రపు గాలి, దాన్ని పైకి ఎక్కించే వాలు రెండూ ఉంటేనే భారీగా పడుతుంది అన్నాను. ఆయన గ్రాఫ్ తన వైపు తిప్పుకుని చాలాసేపు చూశారు, మా గైడ్ మేడమ్ ముఖం వెలిగిపోయింది.

ఇప్పుడు గ్రీన్‌లాండ్ ఆగ్నేయ తీరం మీద ఇదే పని చేస్తున్నాను. కోడ్ కావాలంటే అడగండి, పంపిస్తాను. మంచు ఫైలు కంటే ముందు ఎత్తుల ఫైలు దింపుకోండి.