టైటిల్సులో లేని నటి కోసం ఏడాదిన్నర వెతుకులాట

అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా రాత్రి భోజనాలయ్యాక నేను పాత హాలీవుడ్ సినిమా పెడితే పక్కన కూర్చుని చూస్తుంది. మధ్యమధ్య కథ చెప్పమంటుంది. ఒకరోజు 1947 నాటి ‘ఔట్ ఆఫ్ ద పాస్ట్’ చూస్తున్నాం. కథానాయకుడు రాబర్ట్ మిచమ్ న్యూయార్కులో నల్లజాతివాళ్లు వచ్చే నైట్‌క్లబ్బుకు వెళ్లి ఒక స్త్రీని ఏవో వివరాలు అడుగుతున్నాడు. అమ్మ నా చేయి పట్టుకుని, “ఈ పిల్ల మొన్నటి సినిమాలో కూడా ఉంది కదూ? గూడ్సు బండిలో పాడింది, ఆ పిల్లే” అంది.

మొన్నటి సినిమా ‘బేబీ ఫేస్’, 1933 నాటిది. రెంటికీ మధ్య పద్నాలుగేళ్లు. నేను ఒప్పుకోలేదు. ఆ రెండు దృశ్యాలూ మళ్లీ పెట్టి చూస్తే అమ్మ మాటే నిజమయింది. పేరు చూద్దామని సినిమా మొదటికి వెళ్లాను. ‘ఔట్ ఆఫ్ ద పాస్ట్’ టైటిల్సులో ఆమె పేరు లేదు. ఇంకోచోట వెతికితే తెలిసింది: థెరీసా హ్యారిస్. టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో పుట్టింది. 1929 నుంచి 1958 దాకా తెర మీద కనిపిస్తూనే ఉంది. నేను ఆమె సినిమాలు అప్పటికే అయిదారు చూసి ఉన్నాను, ఒక్కసారీ ఆమెను గమనించలేదు. ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

అందుకే ఆమె సినిమాల జాబితా నేనే రాయాలనుకున్నాను. ఒక పొడుగు నోటుపుస్తకంలో గళ్లు గీశాను: సంవత్సరం, సినిమా, స్టూడియో, పాత్ర పేరు, ఎన్నో నిమిషంలో వస్తుంది, టైటిల్సులో పేరు ఉందా లేదా. ఎక్కడ ఎవరు ఏమి రాసినా, నా కళ్లతో ఆమె మొహం చూడనిదే ఏ వరుసనూ సిరాతో నింపకూడదన్నది నియమం. అప్పటిదాకా పెన్సిలే.

మొదటి మూడు నెలలు తప్పులతోనే గడిచాయి. ఆ కాలంలో పేర్లు చాలావరకు సినిమా మొదట్లోనే వేసేవాళ్లు, అదీ ముఖ్య తారాగణం వరకే. చిన్న పాత్రలవాళ్లకు ఆ జాబితాలో చోటుండేది కాదు. పైగా దీపాలన్నీ తెల్లజాతి కథానాయిక మొహాన్ని బట్టి అమర్చేవాళ్లు కాబట్టి, వెనక నిలబడిన పనిమనిషి మొహం నీడలోకి వెళ్లిపోయేది. పాత ప్రింటు నుంచి తీసిన కాపీ అయితే ఇక తెల్ల టోపీ, తెల్ల ఏప్రన్ తప్ప ఏమీ కనబడదు. అలా టోపీని చూసి నలుగురు వేరే నటీమణులను థెరీసా అనుకుని రాసేశాను. వాళ్లూ పేరులేని వాళ్లే. ఆ వరుసలు కొట్టేస్తున్నప్పుడు చేయి ఆడలేదు.

చివరికి దారి చూపింది అమ్మ పద్ధతే. మొహం కంటే ముందు గొంతు వినాలి. థెరీసా మాట గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. నల్లజాతి పనిమనిషి అనగానే అప్పటి సినిమాలు పెట్టే వంకర యాసను ఆమె వీలైనంత వరకు దగ్గరికి రానివ్వదు. నడక చురుకు. అవతలివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ కళ్లు వాళ్ల మీదే ఉంటాయి. ఇవి పట్టుబడ్డాక అరక్షణం దృశ్యంలో కూడా ఆనవాలు దొరికేది.

అన్నిటికంటే ఎక్కువసార్లు చూసింది ‘బేబీ ఫేస్’. అందులో ఆమె పాత్ర చికో. కథానాయిక బార్బరా స్టాన్విక్. కథలో ఆమె తండ్రి చికోను పనిలోంచి తీసేస్తానని అరిస్తే, చికో పోతే నేనూ పోతానని స్టాన్విక్ ఎదురు తిరుగుతుంది. ఇద్దరూ గూడ్సు బండెక్కి న్యూయార్కు చేరతారు. న్యూయార్కు రాష్ట్ర సెన్సారువాళ్లు అభ్యంతరం చెప్పడంతో విడుదలకు ముందు ఈ సినిమాను కత్తిరించారు. కత్తిరించని నెగెటివ్ 2004లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటపడింది, సుమారు అయిదు నిమిషాలు ఎక్కువ. రెండు రూపాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. 1934 మధ్య నుంచి, తెర మీద ఏమి చూపవచ్చో ఏమి చూపకూడదో చెప్పే హాలీవుడ్ నిర్మాణ నియమావళి కఠినంగా అమలయ్యాక వచ్చిన సినిమాల్లో, నేను చూసినంతలో, యజమానురాలితో ఇలాంటి స్నేహం ఆమెకు మళ్లీ దక్కలేదు.

అదే 1933లో వచ్చిన ‘ప్రొఫెషనల్ స్వీట్‌హార్ట్’ చూసిన రాత్రి నిద్ర పట్టలేదు. జింజర్ రోజర్స్ రేడియో తార, థెరీసా ఆమె దగ్గర పనిమనిషి. రోజర్స్ వెళ్లిపోతే రేడియోలో ఆమె స్థానంలో పాడేది థెరీసాయే. కథలో అంత పని చేసిన మనిషి పేరు టైటిల్సులో వేయలేదు. నోటుపుస్తకంలో ఆ గడిలో ‘లేదు’ అని రాసి కింద రెండు గీతలు గీశాను.

ఆమె ఏమనుకునేదో తెలియాలంటే అప్పటి నల్లజాతి పత్రికలు చదవాలి. లాస్ ఏంజలెస్ నుంచి వచ్చిన ‘కాలిఫోర్నియా ఈగిల్’ పాత సంచికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అక్షరాలు అలికిపోయిన చోట కంప్యూటర్ వెతుకులాట పనికిరాదు, పేజీ తర్వాత పేజీ తిప్పాల్సిందే. 1937లో ఫే జాక్సన్ అనే పాత్రికేయురాలితో థెరీసా మాట్లాడిన విషయం అలా చదువుతున్న రోజుల్లోనే నా కంటపడింది. హాలీవుడ్డులో పనిమనిషి పాత్రను దాటి పైకి వెళ్లే అవకాశం తనకెప్పుడూ రాలేదని, తన ఒంటి రంగే అడ్డయిందని ఆమె చెప్పింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు మళ్లీ ఆ పాత్రలే ఎక్కువగా వేసింది.

ఆ పాత్రల్లోనే ఆమె ఏమి చేసిందో చూడండి. 1943లో వాల్ లూటన్ నిర్మించిన ‘ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ’లో ఆమె ఆల్మా. కొత్తగా వచ్చిన నర్సును నిద్ర లేపడానికి కాలి బొటనవేలు తాకుతుంది. ఉలిక్కిపడకూడదని, గుండెకు అన్నిటికంటే దూరంగా ఉన్న చోట తాకానంటుంది. తర్వాత పళ్లెంలో పెద్ద బ్రియోష్ రొట్టె తెస్తుంది. అంత తినలేనని నర్సు అంటే, ఆల్మా ఫోర్కుతో తాకగానే అది పొంగిన పూరీలా చప్పబడిపోతుంది. అమ్మ పకపకా నవ్వింది. ఆ దృశ్యానికి అనువాదం అడగలేదు.

ఏడాదిన్నర తర్వాత మళ్లీ ‘ఔట్ ఆఫ్ ద పాస్ట్’ దగ్గరికి వచ్చాను, ఆ వరుస సిరాతో నింపడానికి. ఆమె పాత్ర యూనిస్, పారిపోయిన నాయిక దగ్గర ఒకప్పుడు పనిచేసింది. ఇక్కడ ఏప్రన్ లేదు, మంచి బట్టల్లో స్నేహితుడితో కూర్చుని ఉంది. నాయిక ఫ్లారిడా వెళ్లిందని మిచమ్‌కు చెబుతుంది. మాటల్లో నాయిక టీకా వేయించుకున్న సంగతి, ఆమె అధిక బరువు సామాను సంగతి బయటపడతాయి. ఫ్లారిడా వెళ్లేవాళ్లు టీకా వేయించుకోరు, మెక్సికో వెళ్లేవాళ్లు వేయించుకుంటారు. అతడు మెక్సికో బయలుదేరేది ఆ మాట పట్టుకునే.

“పాపం, నోరు జారిందా?” అంది అమ్మ.

“చెప్పకూడదనే అనుకుంది. అతడే పట్టేశాడు.”

“ఇంకోసారి పెట్టు.”

మూడోసారి చూశాక నిమిషాల గడి నింపాను. టైటిల్సులో పేరు: లేదు. ఆమె చివరి సినిమా 1958 నాటి ‘ద గిఫ్ట్ ఆఫ్ లవ్’, అందులోనూ లేదు. వైద్యుడిని పెళ్లాడి, ఆ దశకం చివర్లో నటన మానుకుని, 1985లో కన్నుమూసింది. పెన్సిల్ వరుసలు ఇంకా పంతొమ్మిది మిగిలాయి. వచ్చే శనివారం 1929 నాటి ‘థండర్‌బోల్ట్’ పెడతాం. అందులో ఆమె నైట్‌క్లబ్బులో పాడుతుంది.